బడిపిల్లల పడిసెము: కరోనా వైరసుల చరిత్రలో ఒక అధ్యాయము

పడిసెము పది రోగముల పెట్టని తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అయినను పడిసెమునకై వైద్యుని కడకు పోవువారు అరుదు. మిరియాల కషాయమో, పసుపు కలిపిన పాలో త్రాగి, వేడినీటి ఆవిరి పట్టి, నాలుగు దినములు ముక్కు చీదుకొని ఊరకుండుట వాడుక. బడికి పోవు పిల్లల విషయమున నిది మరింత నిజము. పెద్దవారికి ఏటికి రెండు మూడు మారులు పడిసెము వచ్చినచో, పిల్లలకు ఆరు మొదలు ఎనిమిది మారుల వరకు వచ్చును. ఒకనికి వచ్చినచో తరగతి యంతయు తుమ్ములతో మారుమ్రోగును, ఉపాధ్యాయునకును తప్పదు. ఇంత అల్పముగా ఎంచబడు ఈ రోగమునకు ఒక చరిత్ర కలదనియు, ఆ చరిత్ర 2020వ సంవత్సరమున లోకమును స్తంభింపజేసిన కోవిడ్ మహమ్మారితో పెనవేసికొని యున్నదనియు ఎఱిగినవారు కొందరే.

2020 మార్చిలో భారతదేశమునందలి బడులన్నియు మూతపడినవి. ఇంగ్లండు మొదలగు దేశములందును అట్లే జరిగెను. ఫ్లూ జ్వరములు బడినుండియే ఇండ్లకు చేరుట వైద్యులు చిరకాలముగా ఎఱిగినదే. కావున ఈ క్రొత్త రోగము పిల్లలకే ముందుగా సోకుననియు, వారి మూలమున తాతలకు, అవ్వలకు అంటుననియు భయపడుట సహజము. కాని కొలది మాసములలోనే ఒక వింత కానవచ్చెను. డెబ్బదేండ్ల వారిని నేలకూల్చిన రోగము ఏడేండ్ల వారిని తరచుగా రెండు దినముల జ్వరముతో విడిచిపెట్టుచుండెను. కొందరు పిల్లలకు సోకినట్లే తెలియకుండెను. సాధారణముగా శ్వాసరోగములు పసివారిని, ముదుసలులను ఉభయులను బాధించును. ఇచ్చట మాత్రము ఈ వ్యత్యాస మేల? ఇది పండితుల కాలక్షేపమునకై పుట్టిన ప్రశ్న కాదు. బడులు తెరువవచ్చునా, కూడదా యను నిర్ణయము దీనిపైన ఆధారపడి యుండెను. చదువు పోగొట్టుకొనుచున్న పిల్లవానికి ఆ నిర్ణయము ఎంత పెద్దదో, అరువదేండ్లకు చేరువైన ఉపాధ్యాయునకును అంత పెద్దదే.

పిల్లలను కాపాడినది వారు పూర్వము పడిన పడిసెములే కావచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు తలంచిరి. శరీరము ఒక సూక్ష్మక్రిమిని ఎదిరించి గెలిచిన పిమ్మట దాని రూపును జ్ఞాపకముంచుకొనును. అదే క్రిమి మరల వచ్చినచో త్వరగా గుర్తించును. ఆ క్రిమికి దాయాదియైన వేఱొకటి వచ్చినప్పుడు కూడ ఆ జ్ఞాపకము కొంతవఱకు పనికివచ్చుట కలదు. దీనిని జ్ఞాతి నిరోధకశక్తి యనవచ్చును.

ఈ భావము క్రొత్తది కాదు. లోకమున మొదటి టీకా పుట్టినదే దీనివలన. ఇంగ్లండునందు ఆవుల పొదుగులపై లేచు బొబ్బలు పాలుపిదుకువారి చేతులకు అంటుచుండెను. అట్లు అంటినవారికి మశూచికము రాదని పల్లెలలో నానుడి యుండెను. 1774లో డార్సెట్ సీమయందలి బెంజమిన్ జెస్టీ యను రైతు ఆ మాట నమ్మి, ఆ బొబ్బల రసిని సూదితో తన భార్యకును, ఇద్దరు కుమారులకును ఎక్కించెను. ఇరువది రెండేండ్ల తరువాత, 1796 మే 14వ తేదీన, ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు ఒక పాలపడుచు చేతి బొబ్బనుండి తీసిన రసిని జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఎక్కించి, జూలైలో నిజమైన మశూచికపు రసినే ఎక్కించి చూచెను. బాలునికి రోగము రాలేదు. నేటి వైద్యధర్మము ప్రకారము అట్టి పరీక్షను ఏ తల్లిదండ్రులును, ఏ ప్రభుత్వమును అనుమతింపదు. రైతుపేరు మరుగున పడి వైద్యునిపేరు నిలిచెను. పరీక్షించి, వ్రాసి, లోకమునకు చాటినవానికే కీర్తి దక్కుట చరిత్రలో తరచుగా జరుగునదే. ఆవు బొబ్బల క్రిమియు, మశూచికపు క్రిమియు దాయాదులు. ఒకదానిపై నేర్చిన విద్య రెండవదానిపై పనిచేసెను. ఈ టీకా 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు ఫలించి, ఆమె చేతినుండి ఇతర శిశువుల చేతులకు, అట్లే చేయిచేయి మారుచు హైదరాబాదునకును, మద్రాసునకును చేరెను. 1980లో మశూచికము భూమినుండి తొలగినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను.

మశూచికము విషయమున దాయాదిని పల్లెవారే కనిపెట్టిరి. కోవిడ్ వైరసు దాయాదులను కనిపెట్టుటకు మాత్రము ప్రయోగశాలలు, సూక్ష్మదర్శినులు, ఓర్పుగల మనుష్యులు కావలసివచ్చిరి. ఆ కథకు మొదలు ఒక బడియే.

దక్షిణ ఇంగ్లండునందు సాల్స్‌బరీ పట్టణము చెంత ఒక మిట్టపై రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికావారు కట్టిన ఆసుపత్రి యుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1946లో, బ్రిటిషు వైద్యపరిశోధన మండలి అచ్చట పడిసెమును గూర్చి మాత్రమే పరిశోధించు కేంద్రమును నెలకొల్పెను. దానిని నడపినవారిలో మొదటివాడు సర్ క్రిస్టఫర్ ఆండ్రూస్. ఆరోగ్యవంతులైన స్త్రీపురుషులు తమంతట తాము వచ్చి పది దినములు అచ్చట నివసించెడివారు. వారి ముక్కులలో పడిసెపు రోగుల నుండి తీసిన ద్రవమును చుక్కలుగా వేసి, రోగము వచ్చునో రాదో చూచెడివారు. భోజనము, బస, రాకపోకల ఖర్చు ఉచితము. పైఖర్చులకు కొంత పైకమును ఇచ్చెడివారు. పరీక్షలకు చదువుకొను విద్యార్థులు, పట్నపు సందడి విడిచి విశ్రాంతి కోరువారు, క్రొత్త దంపతులు సైతము వచ్చెడివారట. పడిసెము తెచ్చుకొనుటకై సెలవు పెట్టి పోవుట వింతగా తోచును గాని, వేలకొలది జనులు ఇట్లు వచ్చి చేసిన సేవ తక్కువది కాదు. ఆ కేంద్రము 1990 వఱకు పనిచేసెను.

డేవిడ్ టిరెల్ అను వైద్యుడు 1957లో ఆ కేంద్రమున చేరెను. 1960–61 ప్రాంతమున సర్రే సీమయందలి ఎప్సమ్ అను ఊరి వసతి పాఠశాలలో పడిసెమునకు గురియైన ఒక బాలుని ముక్కును కడిగిన నీటిని సేకరించిరి. దానికి బీ 814 అని సంఖ్య వేసిరి. ఆ నీటిని ఆరోగ్యవంతుల ముక్కులలో వేసినచో పడిసెము తప్పక వచ్చుచుండెను. కాని ప్రయోగశాలలో వైరసులను పెంచు సీసాలలో మాత్రము అది పెరుగకుండెను. ఉన్నదని తెలియును, పట్టుబడదు. స్వీడను దేశమునందలి లుండ్ నగరమునుండి వచ్చిన బెర్టిల్ హూర్న్ అను పరిశోధకుడు శ్వాసనాళపు పొర ముక్కలనే బ్రతికించి యుంచి వాటిపై వైరసును పెంచు విధమును టిరెల్‌నకు చూపెను. అట్లు చేయగా బాలుని వైరసు పెరిగెను. అది ఈథరు తగిలిన నశించుచుండెను. అనగా దానికి కొవ్వుతో కూడిన పైపొర కలదన్నమాట. అంతవఱకు తెలిసిన పడిసెపు వైరసులలో ముఖ్యమైన రైనో వైరసులకు ఈ లక్షణము లేదు. కావున ఇది వేఱొక జాతియని తేలెను. 1965లో టిరెల్, బైనో అనువారు ఈ సంగతిని ప్రకటించిరి.

అదే కాలమున అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయపు వైద్యవిద్యార్థుల పడిసెములనుండి డొరతీ హామ్రీ, జాన్ ప్రాక్నౌ అనువారు మరియొక క్రొత్త వైరసును పట్టి 1966లో ప్రకటించిరి. దాని పేరు 229 ఇ. మరుసటి సంవత్సరము కెన్నెత్ మెకింతాష్, అతని సహచరులు శ్వాసనాళపు ముక్కలపై పెంచి ఓసీ 43 అను దానిని కనుగొనిరి.

వీటి రూపము నెవ్వరును చూడలేదు. చూచినది జూన్ ఆల్మీడా. ఆమె గ్లాస్గో నగరమున ఒక బస్సు నడుపువాని కుమార్తె. 1930లో పుట్టి, పదునారేండ్ల ప్రాయముననే బడి విడిచి, ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరెను. విశ్వవిద్యాలయమున చదువు భాగ్యము ఆమెకు ఆనాడు లభింపలేదు. కెనడాలో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిపై పనిచేసి, వైరసులకు ప్రతిరక్షకములను అంటించి వాని రూపును స్పష్టపఱచు నేర్పు సంపాదించి, 1964లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రికి వచ్చెను. టిరెల్ పంపిన బీ 814ను చూడగానే ఆమె గుర్తించెను. అట్టి రూపును ఆమె అంతకు ముందే కోళ్ల శ్వాసరోగమునందును, ఎలుకల కాలేయరోగమునందును చూచియుండెను. ఆ వ్రాతను ఒక పత్రికవారు, ఇవి చెడిపోయిన ఫ్లూ వైరసుల చిత్రములని త్రోసిపుచ్చియుండిరి. కోళ్ల రోగము 1931లోనే అమెరికాలో వర్ణింపబడినది. అనగా కోడికి, ఎలుకకు, ఎప్సమ్ బాలునికి వచ్చినవి ఒకే కుటుంబపు వైరసులు. చుట్టును ముండ్లవంటి కొమ్ములతో, గ్రహణవేళ సూర్యుని చుట్టు కానవచ్చు తేజోవలయమును పోలియుండుటచే 1968లో ఎనమండుగురు శాస్త్రజ్ఞులు కూడి ఈ కుటుంబమునకు కరోనా వైరసులని పేరిడిరి. ఆల్మీడా 2007లో మరణించెను. ఆమె పేరు సామాన్య జనులకు తెలియుటకు మరి పదుమూడేండ్లు, ఒక మహమ్మారి కావలసివచ్చెను.

తరువాత ముప్పదియేండ్లు ఈ కుటుంబమును పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. పడిసెమే కదా యని ఊరకుండిరి. 2002–03లో సార్స్ వచ్చిన పిమ్మటనే అందరు మేల్కొనిరి. అప్పుడు వెదకగా 2004లో నెదర్లాండ్సునందు ఏడునెలల శిశువు నుండి ఎన్ఎల్ 63, 2005లో హాంగ్‌కాంగునందు ఒక వృద్ధుని నుండి హెచ్‌కేయూ 1 అను రెండు దాయాదులు బయటపడెను. ఇట్లు మనుష్యులలో నిత్యము తిరుగు పడిసెపు కరోనా వైరసులు నాలుగని తేలెను. పెద్దల పడిసెములలో పదింట ఒకటి మొదలు మూడింటి వఱకు వీటివలననే కలుగును. బడియీడు వచ్చునప్పటికే ఎక్కువమంది పిల్లలు వీటిలో కొన్నింటిని చవిచూచియుందురు. ఓసీ 43 ఆవుల కరోనా వైరసునకు మిక్కిలి దగ్గరిది. ఆ రెండును విడివడినది 1890 ప్రాంతమున కావచ్చునని బెల్జియం శాస్త్రజ్ఞులు 2005లో లెక్కగట్టిరి. 1889లో రష్యానుండి లోకమంతటను వ్యాపించిన జ్వరము దీనివలననే వచ్చినదేమో యని కొందరి ఊహ. ఊహ ఋజువు కాదు. కాని నిజమైనచో, నాడు లక్షలకొలది ప్రాణములు తీసినది నేడు పిల్లల ముక్కు కారించి పోవుచున్నదని అర్థము.

పడిసెమును జయించిన శక్తి ఎంతకాలము నిలుచును? సాల్స్‌బరీ కేంద్రమువారే దీనికి జవాబు వెదకిరి. 229 ఇ వైరసును ముక్కున వేయించుకొన్నవారికి ఏడాది తరువాత మరల దానినే వేసి చూడగా, అనేకులలో వైరసు మరల ప్రవేశించెను గాని పడిసెము మాత్రము కనుపింపలేదు. ఇది 1990లో ప్రకటింపబడెను. ఇందు ఒక ముఖ్య విషయము కలదు. సోకకుండుట వేఱు, సోకినను బాధ కలుగకుండుట వేఱు. కరోనా వైరసులయెడ శరీరపు జ్ఞాపకము మొదటిదానిని త్వరగా మఱచును, రెండవదానిని నిలుపుకొనును. కోవిడ్ నాటి వాదములలో ఈ భేదమును పాటించినవారు తక్కువ.

2020లో లండనునందలి ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థవారు కోవిడ్ పరీక్షలు సిద్ధము చేయుచు, వ్యాధి సోకని వారి రక్తములో కూడ ఆ వైరసును పట్టుకొను ప్రతిరక్షకములను గమనించిరి. ప్రతిరక్షకము లనగా రక్తమున తిరుగుచు, పరవైరసు కానవచ్చిన పట్టుకొను కణికలు. ఊరి పొలిమేరన కాపుండు తలారులవంటివి. సోకని పెద్దలలో నూటికి సుమారు ఐదుగురికి ఇవి కలవు. ఒకటి మొదలు పదునారేండ్ల ప్రాయముగల 48 మంది పిల్లలను చూడగా, 21 మందికి కలవు. తరచుగా పడిసెము పట్టు ప్రాయమువారికే ఎక్కువగా నుండుట గమనింపదగినది. వైరసు కొమ్మునకు రెండు భాగములు కలవు. కొన భాగము జీవకణమును పట్టుకొనును. అది వైరసు వైరసునకును మారును. మొదలు భాగము కణములోనికి దారి చేయును. అది అంతగా మారదు. దీనినే ఎస్ 2 అందురు. తలపాగా మార్చుకొని వచ్చినవానిని నడకబట్టి గుర్తించినట్లు, పిల్లల ప్రతిరక్షకములు ఈ మొదలు భాగమును గుర్తించుచుండెను.

అమెరికాలో లా హోయా యందలి శాస్త్రజ్ఞులు అదే సంవత్సరము వేఱొక విషయము కనుగొనిరి. 2015–18 నడుమ, అనగా కోవిడ్ పుట్టకముందు, సేకరించి దాచిన రక్తములో సగమునకు చేరువగా, నూటికి 40 మొదలు 60 వఱకు, కోవిడ్ వైరసును గుర్తించు టీ-కణములు కలవు. తలారులను దాటి ఊరిలో చొరబడిన దొంగను ఇల్లిల్లు వెదకి పట్టువారే ఈ కణములు.

ఇక బడుల సంగతి. 2020 జూన్ 1వ తేదీన ఇంగ్లండునందు ప్రాథమిక పాఠశాలలు కొన్ని తరగతులకు మరల తెరువబడినవి. అచ్చటి ప్రజారోగ్యశాఖవారు ఆ బడులలోని పిల్లలను, పనిచేయు పెద్దలను కాలక్రమమున పరీక్షించుటకు పూనుకొనిరి. ఒకే కప్పుక్రింద, ఒకే గాలి పీల్చుచు, ఒకే వైరసునకు ఎదురగు పిల్లలను, పెద్దలను ప్రక్కప్రక్కన పోల్చుటకు అంతకన్న తగిన చోటు లేదు. బర్మింగుహామ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆ రక్తములను శోధించి 2021 డిసెంబరులో ఫలితములు ప్రకటించిరి. మూడు మొదలు పదునొకండేండ్ల పిల్లలలో, కోవిడ్ సోకినవారికి ప్రతిరక్షకములు బలముగా పుట్టినవి. అంతేగాక పాత పడిసెపు వైరసులలో కోవిడ్‌నకు దగ్గరివగు ఓసీ 43, హెచ్‌కేయూ 1లపై కూడ ప్రతిరక్షకములు హెచ్చెను. పాతది క్రొత్తదానిపై పనిచేసినట్లే, క్రొత్తది పాతదానిపైనను పనిచేసినదన్నమాట. టీ-కణముల బలము పిల్లలలో పెద్దలకంటె రెండింతలకు మించి యుండెను. కోవిడ్ సోకిన జాడలేని పిల్లలలో కూడ పెక్కుమందికి అట్టి టీ-కణములు కానవచ్చెను. ఆరు మాసముల తరువాత పిల్లలలో ఈ శక్తి నిలిచియుండగా, పెద్దలలో కొంత తగ్గెను.

ఇంతవఱకు చదివినవారు, పడిసెములే పిల్లలను కాపాడినవని నిశ్చయించుకొనవచ్చును. అట్లు తొందరపడుట తగదు. అమెరికాలో 2021లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, పాత పడిసెపు ప్రతిరక్షకములు ఎక్కువగా నున్నవారు కోవిడ్ సోకకుండ తప్పించుకొన్నట్లు కానరాలేదు. పిల్లల ముక్కు పొరలు వైరసు ప్రవేశింపగానే మేల్కొను స్వభావము కలవనియు, అదియే ముఖ్యకారణమనియు చెప్పు శాస్త్రజ్ఞులు కలరు. రక్తనాళముల ఆరోగ్యమును కారణముగా చూపువారును కలరు. పెద్దలు సైతము జీవితమంతయు పడిసెములు పడినవారే గదా, వారికేల ఈ రక్ష చాలలేదను ప్రశ్న యొకటి కలదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. పిల్లలకు కోవిడ్ హాని చేయదనుట పొరపాటు. కొందరు పిల్లలకు వ్యాధి తగ్గిన కొన్ని వారములకు దేహమంతయు వాచి, గుండెకు ముప్పు కలిగెను. ప్రాణములు పోయినవారును కలరు. ఇతర వ్యాధులు గల పిల్లలకు అపాయ మెక్కువగా నుండెను.

అయినను జ్ఞాతి రక్షణ పక్షమున సాక్ష్యములు లేకపోలేదు. లండను ఇంపీరియల్ కళాశాలలో అజిత్ లాల్వానీ బృందము, ఇంటిలో కోవిడ్ రోగితో కలిసి నివసించిన 52 మందిని పరిశీలించెను. వారిలో 26 మందికి సోకెను, 26 మందికి సోకలేదు. సోకనివారిలో పాత పడిసెములవలన కలిగిన టీ-కణములు ఎక్కువగా నుండెను. ఇది 2022 జనవరిలో వెలువడెను. ఆ యేటనే ఉత్తర కాలిఫోర్నియాలో 30 లక్షలకు పైబడిన పెద్దల వైద్యపత్రములను పోల్చిచూచిరి. ఇంట పసిపిల్లలు గలవారికంటె, పిల్లలు లేనివారు కోవిడ్‌తో ఆసుపత్రి చేరుట ఎక్కువగా నుండెను. పిల్లలు ఇంటికి తెచ్చు పడిసెములే తల్లిదండ్రులకు కొంత మేలు చేసినవేమో యని ఆ పరిశోధకులు తలంచిరి. దీనిని బట్టి పిల్లలతో మెలగు ఉపాధ్యాయునకు భయము లేదనుట తగదు. వయస్సు, మధుమేహము, రక్తపుపోటు మొదలగునవి ఇంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ ప్రభావము గలవి.

భారతదేశమున పిల్లలకును వ్యాధి విస్తృతముగానే సోకెను. 2021 జూన్, జూలై మాసములలో భారత వైద్యపరిశోధన మండలివారు దేశవ్యాప్తముగా రక్తపరీక్షలు జరుపగా, ఆరు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలలో నూటికి 57.2 మందికి, పది మొదలు పదునేడేండ్ల వారిలో 61.6 మందికి కోవిడ్ ప్రతిరక్షకములు కానవచ్చెను. అప్పటికి పిల్లలకు టీకాలు మొదలు కాలేదు. అవన్నియు వ్యాధి తాకిన గుర్తులే. బడులు మూసియున్నను ఇండ్లలో అది సోకుచునే యుండెనన్నమాట. పడిసెపు రక్షను మాత్రమే నమ్ముకొని ఊరకుండుట తగదని ప్రభుత్వము 2022 జనవరి 3వ తేదీనుండి పదునైదు మొదలు పదునెనిమిదేండ్ల వారికి హైదరాబాదున భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌ను, మార్చి 16వ తేదీనుండి పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వారికి ఆ నగరముననే బయొలాజికల్ ఇ సంస్థ తయారుచేసిన కార్బెవాక్స్‌ను ఇప్పించెను. తెలుగు పల్లెల బడిపిల్లలును వరుసలలో నిలిచి ఆ టీకాలు వేయించుకొనిరి.

ఈ టీకాలు కోవిడ్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి. కార్బెవాక్స్ అయితే వైరసు కొమ్ము కొన భాగములో జీవకణమును పట్టుకొను తునకను మాత్రమే శరీరమునకు చూపును. ఆ కొన మారినకొలది టీకా పదును తగ్గుచుండుటయు లోకము చూచినది. అందుచేత మారని మొదలు భాగమును, ఆ పిల్లల రక్తము గుర్తించిన ఆ ఎస్ 2 భాగమునే, శరీరమునకు నేర్పి, ఇప్పటి కరోనా వైరసులకును, ముందు రాబోవు దాయాదులకును ఒకే టీకా చేయవలెనని పలు దేశములలో పరిశోధనలు సాగుచున్నవి. అట్టి టీకా ఏదియు ఇంకను సామాన్య జనుల వాడుకకు రాలేదు.